శ్రీశైలం రోడ్డున ఫోర్కుల ఉస్తాద్‌లు

శ్రీశైలం రోడ్డు మీద ఏళ్ల తరబడి మోటార్‌సైకిల్ నడిపినవాళ్లను కదిలిస్తే ఒకే మాట వినిపిస్తుంది: ఆ రోడ్డు ఇంజన్లను పెద్దగా ఏమీ చేయలేకపోయింది గానీ ఫోర్కులను మాత్రం తినేసింది. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటి, పహాడీ షరీఫ్ గుట్ట పక్కనుంచి దిగితే తుక్కుగూడ. అక్కడి నుంచి కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, ఆపైన నల్లమల ఘాట్లు. ఇప్పుడున్న వెడల్పాటి రోడ్డు సంగతి కాదు నేను చెప్పేది. ఎదురుగా బస్సొస్తే బండి మట్టిలోకి దిగాల్సిందే, బస్సు పోయాక మళ్లీ తారు అంచు ఎక్కాల్సిందే. వానాకాలం గుంతలు. పంటలొచ్చే రోజుల్లో రోడ్డు మీద పరిచిన ఆముదాలు, జొన్న కంకులు. దిగినా ఎక్కినా మొదటి దెబ్బ ముందు చక్రానికి, ఆ వెంటనే ఫోర్కుకు.

అందుకే ఆ రోడ్డు పొడవునా మెకానిక్ కొట్టాలు ఉండేవి. తుక్కుగూడ దగ్గర మేము పోయే కొట్టం రోడ్డుకు కాస్త లోపలగా, చింతచెట్టు కింద ఉండేది. పైన రేకులు, మూడు పక్కల తడికెలు, నేల మీద నూనె పీల్చి నల్లబడ్డ షాబాద్ బండలు, పాత దుంగకు బోల్టులతో బిగించిన వైసు. బోర్డు లేదు. బండ్లను బట్టే అది షాపని తెలియాలి. మహేశ్వరం, మంఖాల్, రావిర్యాల దిక్కునుంచి పట్నానికి పాలు పోసే వాళ్ల రాజ్‌దూత్‌లు, ద్రాక్షతోటల రైతుల బుల్లెట్లు, టీచర్ల యెజ్డీలు, కాలేజీ పోరగాళ్ల ఆర్‌ఎక్స్ 100లు అక్కడ ఎప్పుడూ వరుసగా నిలబడి ఉండేవి. మా నాయన ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. ఆయన బండితో పాటు నేనూ ఆ చెట్టు కింద చాలా పొద్దులు గడిపాను.

మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు. ఆయన మా నాయనను పటేలా అనేవాడు, నన్ను బిడ్డా అనేవాడు. పుత్లీబౌలి వైపు ఒక షాపులో పని నేర్చుకుని, పెళ్లయ్యాక అత్తగారి ఊరి దగ్గర సొంతంగా కొట్టం వేసుకున్న మనిషి. చదువు మూడో తరగతి. ఫోర్కు పని మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా అని ఆ చుట్టుపక్కల పేరు.

అప్పటి బండ్ల సంగతి కొంచెం చెప్పాలి. సరిహద్దు గస్తీ కోసం సైన్యం 800 బుల్లెట్లు కావాలని అడగడంతో మొదలై, 1955లో మద్రాసు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. చెక్ దేశపు జావా నమూనాతో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి బండ్లు చేసింది, ఆ తర్వాత వాటికే యెజ్డీ అని పేరు పెట్టింది. రాజ్‌దూత్ ఎస్కార్ట్స్ వాళ్లది, దాని అసలు నమూనా పోలండ్ నుంచి వచ్చింది. జపాన్ నమూనా ఆర్‌ఎక్స్ 100 1985లో దిగింది. ఇంగ్లండ్, చెక్, పోలండ్, జపాన్. నాలుగు దేశాల ఇంజనీర్లు నాలుగు తీరుల ఆలోచించి గీసిన ఫోర్కులన్నీ తుక్కుగూడ చింతచెట్టు కిందికి వచ్చి, ఒకే మనిషి చేతుల్లో విడిపోయేవి.

ప్రతి కంపెనీ తన డీలర్ల కోసం మరమ్మతు పుస్తకం అచ్చు వేసేది. అందులో ప్రతి పనికీ ఒక ప్రత్యేక పనిముట్టు బొమ్మ, దాని కింద ఒక నంబరు ఉంటాయి. సీలు దించడానికి ఒకటి, లోపలి డ్యాంపర్ రాడ్డు తిరగకుండా పట్టుకోవడానికి ఒకటి, పైపును పైకి లాగడానికి ఒకటి, స్టీరింగు నట్టుకు కొక్కెం పానా ఒకటి. ఆ పుస్తకం పట్నంలో డీలరు బీరువాలో ఉండేది, పనిముట్లూ అక్కడే. ఊళ్లలోని మెకానిక్ చేతికి అవి అమ్మేవాళ్లు లేరు, అమ్మినా కొనే స్తోమత లేదు. నగరానికి అవతలి కొసన బాలానగర్‌లో పనిముట్లు తయారు చేయడం నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచీ ఉంది. అక్కడ గీతలు గీసి, కొలతలు వేసి చేసే పనినే ఇక్కడ ఉస్తాద్ కాగితం లేకుండా, విరిగిన సామానుతో చేసుకున్నాడు.

టెలిస్కోపిక్ ఫోర్కు చూడటానికి సాదా వస్తువే. ఒక పైపులో ఇంకో పైపు, మధ్యలో స్ప్రింగు, కొంత నూనె. నూనె చిన్న బెజ్జాల గుండా పోతూ వస్తూ స్ప్రింగు ఎగురును అణుస్తుంది. ఇలా నూనెతో అణిచే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో బీఎండబ్ల్యూ తన బండ్లకు పెట్టాక, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు అందరూ ఆ దారిలోకే వచ్చారు. చిక్కంతా విప్పడంలోనే ఉంది. ఆర్‌ఎక్స్ 100 ఫోర్కు బాటమ్ అడుగున లోపలికి దిగిన ఆలెన్ బోల్టు ఒకటుంటుంది. అది పైనున్న డ్యాంపర్ రాడ్డును పట్టుకుని ఉంటుంది. బోల్టును తిప్పితే రాడ్డు కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఎంతసేపు తిప్పినా బోల్టు ఊడదు. రాడ్డును పైనుంచి పట్టుకుందామంటే అది మూర లోతున, నూనె మడ్డిలో ఉంటుంది. కంపెనీ అందుకే పొడవాటి టీ ఆకారపు పనిముట్టు ఇచ్చింది.

ఉస్తాద్ ముందు ఆ పనిముట్టు అవసరమే రాకుండా చూసేవాడు. పై మూత విప్పేవాడు కాదు. స్ప్రింగు లోపలే ఉండగా ఫోర్కును నేలకు ఆనించి, కొట్టంలో పని నేర్చుకునే పోరడితో గట్టిగా అదిమించేవాడు. స్ప్రింగు నొక్కుకుపోయి డ్యాంపర్ రాడ్డును కిందికి అదిమి పట్టేది. ఆ క్షణంలో ఆలెన్ కీకి పైపు తొడిగి ఒక్క కుదుపు ఇచ్చేవాడు. "మెల్లగ తిప్పితే అదీ తిరుగుతది బిడ్డా. దానికి తెలువకముందే గుంజాలె" అనేవాడు. పది బండ్లలో ఏడెనిమిది అక్కడే లొంగేవి.

లొంగని వాటికి పార కామ. విరిగిన పార కామను ఒక కొసన బాడిసెతో నాలుగు పలకలుగా చెక్కి, చివరికి సన్నం చేసి పెట్టుకున్నాడు. స్ప్రింగు తీసేసి ఆ కర్రను పైపులోకి దించి, సుత్తితో రెండు దెబ్బలేస్తే కొస పోయి డ్యాంపర్ రాడ్డు నోట్లో బిగుసుకునేది. కర్ర పై కొసను పైపు రెంచితో ఒకరు పట్టుకుంటే కింద బోల్టును ఇంకొకరు తిప్పేవాళ్లు. ఇనుప రాడ్డు ఎందుకు పెట్టుకోలేదని మా నాయన అడిగాడొకసారి. "ఇనుము జారితె లోపట గీతలు పడ్తయి పటేలా. కర్ర జారితె కర్రే అరుగుతది" అన్నాడు. తర్వాత ఇంకో రకం ఫోర్కు వచ్చినప్పుడు పొడవాటి మరచుట్ల రాడ్డు కొసన రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, ఆ నట్టు తల లోపల ఆరు పలకల గుంటలో కూర్చునేలా ఇంకోటి చేశాడు. దాన్ని ఏ పుస్తకంలోనూ చూడలేదు. అవతలి వస్తువు నోరు ఎలా ఉందో వేలు పెట్టి తడిమి, దానికి సరిపోయే నాలుక చేశాడు.

నాకు ఇక్కడే ఆ మనిషి గొప్పతనం కనిపిస్తుంది. కంపెనీ పనిముట్టు చేతిలో ఉన్నవాడికి అది ఏం చేస్తోందో తెలియకపోయినా పని అవుతుంది. లేనివాడు మాత్రం ఆ పనిముట్టు లోపల ఏ భాగాన్ని పట్టుకుంటోంది, ఎటు నుంచి బలం ఇస్తోంది, దేన్ని కాపాడుతోంది అన్నవన్నీ తెలుసుకుంటేనే దాని జాగాలో ఇంకొకటి పెట్టగలడు. ఉస్తాద్‌కు పేద మెకానిక్ అని పేరు పెట్టి జాలిపడే వాళ్లను చూశాను. ఆయన తెలివిని నేను ఏ ఇంజనీరు తెలివికీ తక్కువ కట్టను.

సీలు మార్చడం చూడాలి. పాత సీలు మీద తీగ రింగు ఉంటుంది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో దాని కొసను లేపి, రెండో చేతి బొటనవేలు అడ్డం పెట్టి, ఎగిరిపోకుండా బయటికి తెచ్చేవాడు. సీలును టైరు లివరుతో లేపేటప్పుడు బాటమ్ అంచు కింద చిన్న చెక్కముక్క పెట్టేవాడు. అల్యూమినియం అంచుకు నొక్కు పడితే కొత్త సీలు ఎన్నడూ కుదురుకోదు. బాటమ్‌ను గ్యాస్‌నూనెతో కడిగి, పాత బనీను గుడ్డతో తుడిచి, వేలు లోపల పెట్టి చుట్టూ తిప్పి చూసేవాడు. కొత్త సీలు లోపలి పెదవికి కాస్త గ్రీజు. పైపు పై అంచు పదునుగా ఉంటుంది కదా, సీలు దాని మీదుగా జారేటప్పుడు పెదవి తెగిపోతుంది. దానికి విజయ పాల పాకెట్ కవరు. కవరును కడిగి, ఆరబెట్టి, పైపు నోటికి తొడిగి, దాని మీదుగా సీలును జార్చేవాడు. సీలు దిగాక కవరు లాగేసేవాడు. ఆ తర్వాత కొత్త సీలు మీద పాత సీలును బోర్లించి, సరిపోయే పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమానంగా, చిన్న చిన్న దెబ్బలు. చెవి ఒగ్గి వింటూ కొట్టేవాడు. సీలు అడుగంటగానే చప్పుడు మారేది. ఇంకొక్క దెబ్బ కూడా వేసేవాడు కాదు.

నూనె పోయడంలో ఆయనకున్న పట్టింపు ఇంకెక్కడా చూడలేదు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లని అందరికీ తెలిసిందే. దాని మీద మేకుతో గీతలు గీసి పెట్టుకున్నాడు, బండికో గీత. పశువుల డాక్టరు పారేసిన పెద్ద సిరంజి ఒకటి తెచ్చుకున్నాక చివరి కొసరు దాంతో సరిచేసేవాడు. రెండు కాళ్లలోనూ నూనె సమానంగా ఉండాలి, అది ఆయన మొదటి నియమం. స్ప్రింగులు తీసి, ఫోర్కులను పూర్తిగా కిందికి నొక్కి, గీత పెట్టిన సైకిల్ పుల్లను పైనుంచి దించి రెండింట్లో తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాడు. ఫోర్కు నూనె దొరకని రోజుల్లో ఇంజను నూనె పోసేవాడు. చలికాలం తెల్లవారుజామున పాలబండ్లు గట్టిగా కొడుతున్నాయంటే దాన్ని పల్చటి నూనెతో మార్చేవాడు. చిక్కదనం నంబర్ల గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాలవాళ్లు బండి ఎలా కొడుతోందో చెప్పేదాన్ని బట్టి పోల్చుకున్నాడు.

బుల్లెట్టు పని వేరు. దానికి పూట చాలదు. హెడ్‌లైటు డూమ్, హ్యాండిలు, కేబుళ్లు అన్నీ విప్పాలి. కింది టీలో పైపును పట్టుకున్న బోల్టు ఏళ్ల తుప్పుతో కరుచుకుని ఉండేది. బోల్టు తీసేసి, చీలికలో గ్యాస్‌నూనె పోసి రాత్రంతా వదిలేసేవాడు. తెల్లారి ఆ చీలికలో చెన్నీ మొన పెట్టి వెంట్రుకవాసి వెడల్పు చేసేవాడు, అంతకు మించితే టీ పగులుతుంది. పాతకాలపు ఫోర్కుల్లో చాలావాటికి పైపును మళ్లీ ఎక్కించేటప్పుడు పైనుంచి లాగాలి. పట్టుకోవడానికి పైన ఏమీ ఉండదు. పాడైన ఫోర్కు మూత ఒకదానికి మోకాలి పొడవు రాడ్డు వెల్డింగ్ పెట్టించి, అడ్డం పిడి వేసుకున్నాడు. మూతను పైపు మరల్లో బిగించి, రాడ్డు పట్టి లాగితే పైపు వచ్చి తన చోట కూర్చునేది. కంపెనీ అమ్మే పనిముట్టు కూడా ముమ్మూర్తులా అదే. ఎన్నో ఏళ్లకు ఒక పాత పుస్తకంలో దాని బొమ్మ చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

బుల్లెట్టు స్టీరింగు కోన్ సెట్‌లో పావు అంగుళం బాల్సు పైన 19, కింద 19. విప్పేటప్పుడు కింద దుప్పటి పరిచేవాడు, ఒక్కటి దొర్లిపోయినా పని ఆగుతుంది. బిగించేటప్పుడు గిన్నెలో గ్రీజు దట్టంగా రాసి, అందులో బాల్సు ఒక్కొక్కటి అద్ది కూర్చోబెట్టేవాడు. నట్టుకు కొక్కెం పానా లారీ కమాను పట్టా ముక్కను కొలిమిలో కాల్చి వంచి చేయించుకున్నాడు. చెన్నీ పెట్టి సుత్తితో నట్టును కొట్టి తిప్పే మెకానిక్‌లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల చేతి కింద పడిన బండి స్టీరింగు నట్టు చూస్తే తెలుస్తుంది, అంచులన్నీ చితికి ఉంటాయి. ఉస్తాద్ ఆ పనిని అసహ్యించుకునేవాడు.

చేతిలో ఉన్నదాంతో చేసిందల్లా మంచిదే అని నేను అనను. గుంతలో పడి వంగిన ఫోర్కు పైపును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సాపు చేసే వాళ్లు ఆ రోడ్డు మీదే ఉండేవాళ్లు. అలా కాలిస్తే పైపు గట్టిదనం పోతుంది, మరోసారి దెబ్బ తగిలితే అక్కడే మడత పడుతుంది. కాల్చకుండా ప్రెస్సు మీద కొద్దికొద్దిగా ఒత్తి తీయాలి, అదీ వంపు కొంచెమే ఉంటే. మడత పడిన పైపును పారేయాల్సిందే. ఉస్తాద్ దగ్గర ప్రెస్సు లేదు. లారీ జాకీని రెండు దూలాల మధ్య బిగించి, పైపు కింద గాడి కొట్టిన కొయ్య దిమ్మెలు పెట్టి, అర మిల్లీమీటరు, ఆగు, చూడు, మళ్లీ అర మిల్లీమీటరు అన్నట్టు ఒత్తేవాడు. చూడటానికి పగిలిన నిలువుటద్దం ముక్క. దాన్ని బండ మీద సమంగా పరిచి, దాని మీద పైపును దొర్లించి, వంగి కిందినుంచి చూసేవాడు. అద్దానికీ పైపుకూ మధ్య వెలుగు కనిపిస్తే వంపు ఇంకా ఉన్నట్టే. షాబాద్ బండ మీద దొర్లిస్తే సరిపోదా అంటే, బండకు తన వంపు తనకుంటుంది అన్నాడు. తేరని పైపును ఆయన వెనక్కి ఇచ్చేసేవాడు. ఒకసారి ఒక పాలాయన ఎంత బతిమాలినా బండికి ఎక్కించలేదు. "నువ్వు నల్లమల దిగుతవు కాకా. నేనైతే బిగియ్య" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు కూలీ పోయింది. పైపు కోసం పాలాయన జుమ్మేరాత్ బజారుకు పోయి, మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి పైపు ఒకటి వెతుక్కొచ్చాడు.

అన్నీ బిగించాక ఇరుసు బిగించి, టీ బోల్టులు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి బండిని పదిసార్లు కిందికి పైకి నొక్కేవాడు. రెండు కాళ్లూ వాటంతట అవి ఒకదానికొకటి సర్దుకున్నాక బోల్టులు బిగించేవాడు. చివరికి తాపీమేస్త్రి దారం తెచ్చి వెనక టైరు నుంచి ముందు టైరు దాకా రెండు పక్కలా లాగి పట్టి చూసేవాడు. దారానికీ ముందు టైరుకూ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉంటేనే బండి ఇచ్చేవాడు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చి తుక్కుగూడ దగ్గర దిగే దారి పడింది. రోడ్డు వెడల్పయింది, చింతచెట్టు పోయింది, ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. యెజ్డీ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ ఏడే ఆగింది. పాలు వ్యాన్లలో పోతున్నాయి. ఉస్తాద్ కొట్టం లేచిపోయాక కొన్నాళ్లు ఇంటి ముందే పని చేశాడు, తర్వాత కళ్లు సహకరించక మానేశాడు. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు.

ఇప్పుడు ఆ బండ్లకు మళ్లీ కాలం వచ్చింది. జావా 2018లో, యెజ్డీ 2022లో కొత్త రూపాల్లో తిరిగొచ్చాయి. పాత ఆర్‌ఎక్స్ 100కు కొత్త బండి ధర పలుకుతోంది. కుర్రాళ్లు వాటిని తాతల ఇళ్లలోంచి బయటికి తీసి, సీలు దించే పనిముట్టు, డ్యాంపర్ రాడ్డు పట్టే పనిముట్టు ఫోనులో తెప్పించుకుని, ఇంట్లోనే విప్పుకుంటున్నారు. నాకు సంతోషమే. ఆ పనిముట్లు ఉస్తాద్‌కు దొరికి ఉంటే ఆయన కూడా వాటినే వాడేవాడు, అందులో సందేహం లేదు. సరైన పనిముట్టు చవకగా దొరికే రోజు రావడం మంచిదే.

పోతున్నది వేరే ఉంది. ఉస్తాద్ పోయాక ఆయన పెట్టె నేను చూశాను. మూత రాడ్డు, కమాను పట్టా పానా, నట్ల రాడ్డు, చెక్కిన పార కామ, గీతలున్న క్వార్టర్ సీసా అన్నీ అందులో ఉన్నాయి. అవి ఏమిటో తెలియని ఇంటివాళ్లు ఇనుము ఇనుములో, కర్ర పొయ్యిలో వేయబోతుండగా అడిగి తెచ్చుకున్నాను. అయినా అందులో నాలుగైదు దేనికి చేశాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. చెప్పగలిగినవాడు లేడు.

మీ ఊళ్లో, మీ వాడలో పని మానేసిన పాత మెకానిక్ ఎవరైనా ఉంటే, ఆయన పెట్టె ముందు పెట్టుకుని ఒక పూట కూర్చోండి. ఒక్కొక్క పనిముట్టూ చేతిలోకి తీసుకుని ఇది ఏ బండికి, ఏ భాగానికి, ఎలా పట్టాలి అని అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసి, దారంతో ఆ పనిముట్టుకే కట్టండి. వీలైతే ఆయన చేతులు పట్టుకునే తీరును ఫోనులో వీడియో తీయండి. ఆ మనుషుల్లో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటాయి, వాళ్లుండగానే ఈ పని చేయండి.